కుంకుమ టమాట కాకుండా: యానిమేషన్ వీడియో ఎక్స్‌పోర్ట్‌లో రంగులు నిలుపుకునే పద్ధతి

పోయిన సద్దుల బతుకమ్మకు హన్మకొండలో ఒక చీరల షాపుకు 30 సెకన్ల యానిమేషన్ చేసిచ్చాను. చెర్యాల నకాశీ బొమ్మల పద్ధతిలో వెనకంతా నిండు ఎరుపు, ముందు బతుకమ్మ చుట్టూ తిరిగే నలుగురు ఆడవాళ్లు. నా మానిటర్ మీద ఆ ఎరుపు అచ్చం కుంకుమే. ఎంపీ4 చేసి పంపిన పది నిమిషాలకు షాపు ఓనర్ ఫోన్ చేశాడు. "తమ్మీ, కుంకుమ పెట్టమంటే టమాట పులుసు పోసినవేంది?"

అందరూ చేసే పనే నేనూ చేశాను. బిట్‌రేట్ (సెకనుకు ఎంత డేటా అన్న లెక్క) 8 ఎంబీపీఎస్ నుంచి 40కి పెంచాను. 30 ఎంబీ ఉన్న ఫైలు 150 ఎంబీ అయింది, టమాట టమాటగానే ఉంది. బిట్‌రేట్ తక్కువైతే గీతలు చెదురుతాయి, గళ్లు గళ్లుగా కనిపిస్తుంది తప్ప ఎరుపు పోయి నారింజ కాదు. రంగే మారిందంటే ఎక్కడో లెక్క తప్పింది, లేదా ఫైలు మీద వేయాల్సిన చీటీ (ట్యాగ్) వేయలేదు. రంగు గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ రెండింటి దగ్గరే తేలతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను. బ్లెండర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, డావించీ రిజాల్వ్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ (కమాండ్లతో వీడియో మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్)లలో మీరు ఏది వాడినా వరస ఇదే.

1. ముందు మీ తెర సంగతి

విండోస్‌లో నైట్ లైట్, మ్యాక్‌లో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్ ఆపేయండి. రాత్రి పన్నెండింటికి పసుపు తిరిగిన తెర మీద తంగేడు పువ్వుకు రంగు సరిచేస్తే పొద్దున్నే మళ్లీ చేయాలి. మానిటర్ మెనూలో ఎస్ఆర్‌జీబీ (కంప్యూటర్ తెరలకు వాడే మామూలు రంగుల ప్రమాణం) మోడ్ ఉంటే అదే పెట్టండి. గేమింగ్, వివిడ్, సినిమా లాంటి మోడ్లు పనికి పనికిరావు. కిటికీ ఎండ తెర మీద పడకుండా చూసుకోండి.

రంగు కొలిచే క్యాలిబ్రేషన్ పరికరం ఉంటే మంచిదే. లేకపోయినా కంగారు లేదు, ఎందుకంటే ఇకపై కంటిని కాకుండా అంకెలను నమ్ముతాం.

2. ఒక పరీక్ష పట్టీ గీసుకోండి

ఒక్కసారి అరగంట కూర్చుంటే ఏళ్ల తరబడి పనికొచ్చేది ఇది. 1920×1080 సైజులో ఒక్క బొమ్మ గీసి, అందులో మీ పనిలో తరచూ వాడే రంగుల గళ్లు పెట్టండి. నా పట్టీలో ఇవి ఉంటాయి, ఆర్‌జీబీ అంకెలతో:

కుంకుమ ఎరుపు 200, 30, 30. తంగేడు పసుపు 245, 200, 20. ఆకుపచ్చ 40, 140, 60. రంగు వేసిన గునుగు కోసం ముదురు గులాబి 200, 30, 120. మధ్య బూడిద 128, 128, 128.

కింద వరసలో నలుపు దగ్గరి గళ్లు 0, 8, 16, 24, తెలుపు దగ్గరివి 235, 245, 255. ఇంకో పక్క ముదురు నీలం నుంచి కొంచెం లేత నీలానికి మెల్లగా మారే గ్రేడియంట్ ఒకటి. దాని పక్కన నీలం మీద ఎర్ర గీతలు మూడు, 1 పిక్సెల్, 2 పిక్సెళ్లు, 4 పిక్సెళ్ల మందంతో.

ఈ బొమ్మను అయిదు సెకన్ల వీడియోగా, అసలు పనికి వాడే సెట్టింగులతోనే ఎక్స్‌పోర్ట్ చేయండి. తర్వాత ఆ ఎంపీ4ను ఎడిటర్‌లో తెరిచి కలర్ పికర్‌తో ఒక్కో గడి కొలవండి. రెండు మూడు అంకెల తేడా మామూలే, కుదింపులో అంత పోతుంది. పది దాటిందంటే ఏదో తప్పు జరిగినట్టు.

నా బతుకమ్మ వీడియోలో ఎరుపు 200, 30, 30 కాస్తా 215, 46, 28 అయి వచ్చింది. ఎరుపు పెరిగింది, ఆకుపచ్చ పాలు కూడా పెరిగింది, అంటే నారింజ వైపు జరిగింది. టమాట ఎట్లా పుట్టిందో ఆ మూడు అంకెల్లోనే ఉంది. 5వ మెట్టులో ఆ లెక్క విప్పుతాను.

3. ప్రాజెక్ట్ లోపలి రంగు

ఎక్స్‌పోర్ట్ తప్పనుకునేవి కొన్ని అసలు ఎక్స్‌పోర్ట్ దాకా రావు, ముందే జరిగిపోతాయి. బ్లెండర్ వాడేవాళ్లు ముందు రెండర్ ప్రాపర్టీస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి వ్యూ ట్రాన్స్‌ఫామ్ చూడండి. 2.80 నుంచి డిఫాల్ట్‌గా ఫిల్మిక్, 4.0 నుంచి ఏజీఎక్స్ ఉంటుంది. రెండూ నిజమైన వెలుగునీడల త్రీడీ దృశ్యాలకు బాగుంటాయి. ఫ్లాట్ రంగుల టూడీ బొమ్మలకు మాత్రం పెద్ద దెబ్బ. మీరు ఇచ్చిన 200, 30, 30 తెర మీదికే మాసిన ఎరుపుగా వస్తుంది. చెర్యాల పటం, బతుకమ్మ, లోగో లాంటి పనులకు స్టాండర్డ్ పెట్టండి. "బ్లెండర్‌లో రంగులు వెలిసిపోతున్నయి అన్నా" అని నన్ను అడిగిన పిల్లల్లో ఎక్కువమందికి ఈ ఒక్క మార్పే సరిపోయింది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్‌గా రెక్.709 (హెచ్‌డీ వీడియో ప్రమాణం, బీటీ.709 అన్నా ఇదే) గానీ ఎస్ఆర్‌జీబీ గానీ ఎంచుకుని, డెప్త్ 16 బిట్‌కు మార్చండి. ఈ రెండు స్పేస్‌లకు మూల రంగులు ఒకటే, వెలుగు పెరిగే వంపు మాత్రం వేరు. కాబట్టి మధ్యలో ఒకదాని నుంచి ఇంకోదానికి దూకకుండా ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా పోండి.

బొమ్మలు గీసిచ్చేవాళ్లు వేరేవాళ్లయితే వాళ్ల ఫైలు సీఎంవైకేలో (ప్రింటింగ్‌కు వాడే రంగుల పద్ధతి) ఉందా అని అడగండి. ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్ల దగ్గర నుంచి వచ్చే ఫైళ్లు తరచూ అట్లాగే ఉంటాయి. దాన్ని ముందే ఎస్ఆర్‌జీబీకి మార్చి, రంగులు చూసుకున్నాకే యానిమేషన్ మొదలుపెట్టాలి.

4. నేరుగా ఎంపీ4 వద్దు, ముందు మాస్టర్

రెండర్‌ను ఎప్పుడూ పీఎన్‌జీ సీక్వెన్స్‌గానో, ప్రోరెస్ 4444 లేదా డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ 444 లాంటి మాస్టర్ ఫైలుగానో తీయండి. వీటిలో ప్రతి పిక్సెల్‌కు రంగు పూర్తిగా ఉంటుంది. ఎంపీ4 ఎన్నిసార్లు చెడినా మాస్టర్ చెడదు. మళ్లీ రెండర్ పెట్టే అవసరం ఉండదు, రెండు నిమిషాల్లో ఇంకో ఎంపీ4 తీసుకోవచ్చు.

పీఎన్‌జీకి ఇంకో లాభం ఉంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 30 సెకన్లకు 750 బొమ్మలు. 600వ ఫ్రేము దగ్గర కరెంటు పోయిందనుకోండి, 601 నుంచి మొదలుపెడితే చాలు. నేరుగా ఎంపీ4 రాస్తుంటే ఆ ఫైలు చాలాసార్లు తెరుచుకోదు కూడా. ఎండాకాలం గాలివాన సాయంత్రాల్లో ఇది నాకు రెండుసార్లు అనుభవం.

గ్రేడియంట్లు ఎక్కువున్న దృశ్యమైతే పీఎన్‌జీని 16 బిట్‌లో తీయండి. వెనక పారదర్శకంగా ఉండాల్సిన బొమ్మలైతే ఆల్ఫా (పారదర్శకత పొర) స్ట్రెయిటా (రంగు విడిగా), ప్రీమల్టిప్లైడా (రంగును ముందే ఆల్ఫాతో గుణించి) అన్నది ఫైలు పేరులోనే రాసి పెట్టుకోండి. తెరిచేటప్పుడు ఇది తారుమారైతే బొమ్మ అంచు చుట్టూ నల్లగా మసి గీసినట్టు వస్తుంది, చూసినవాళ్లు దాన్నీ రంగు తప్పే అనుకుంటారు. మామూలు హెచ్.264 ఎంపీ4లో ఆల్ఫా ఉండదు.

5. అసలు ఘట్టం: మ్యాట్రిక్స్, ట్యాగులు, రేంజ్

పీఎన్‌జీలో రంగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుగా ఉంటుంది. వీడియో ఫైలు అట్లా దాచదు. వెలుగు ఒక పొర, రంగు తేడాలు రెండు పొరలుగా మార్చి దాస్తుంది. ఎరుపులో ఎంత, ఆకుపచ్చలో ఎంత, నీలంలో ఎంత కలిపితే వెలుగు అవుతుందో చెప్పే సూత్రమే మ్యాట్రిక్స్. పాత టీవీల కాలపు బీటీ.601లో ఎరుపు పాలు 0.299, ఆకుపచ్చ 0.587, నీలం 0.114. హెచ్‌డీ కోసం వచ్చిన బీటీ.709లో అవి 0.2126, 0.7152, 0.0722.

ఒక సూత్రంతో దాచి, ఇంకో సూత్రంతో తీస్తే ఏమవుతుంది? కుంకుమ ఎరుపు 200, 30, 30ని 601తో దాచి 709తో తీస్తే సరిగ్గా 215, 46, 28 వస్తుంది. నాకు జరిగింది అదే. ఆకుపచ్చ 40, 140, 60 అయితే 32, 126, 58 అవుతుంది, అంటే ఆకులు నల్లబడతాయి. బూడిద, తెలుపు, నలుపు మాత్రం కదలవు. కాబట్టి గుర్తుపట్టడం తేలిక. బూడిద గడి సరిగా ఉండి, ఎరుపు నారింజ వైపు, ఆకుపచ్చ ముదురు వైపు జరిగితే అది మ్యాట్రిక్స్ తప్పే.

ఇది ఎక్కువగా పీఎన్‌జీల నుంచి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఎంపీ4 చేసేటప్పుడు జరుగుతుంది. ఏమీ చెప్పకపోతే అది 601 సూత్రం వాడుతుంది. ఫైలు మీద ట్యాగ్ కూడా వేయదు. ఫోన్లో ప్లేయర్ వీడియో పొడవు వెడల్పులు చూసి "హెచ్‌డీ కదా, 709 అయ్యుంటుంది" అని ఊహించుకుంటుంది. తప్పు అక్కడ పుడుతుంది.

సరిచేయడానికి రెండు పనులు చేయాలి, ఒకటి చేసి రెండోది వదిలేస్తే లాభం లేదు. మొదటిది, స్కేల్ ఫిల్టర్‌లో అవుట్ కలర్ మ్యాట్రిక్స్‌ను బీటీ709 అనీ, అవుట్ రేంజ్‌ను టీవీ అనీ ఇవ్వడం. ఇది లెక్కను మారుస్తుంది. రెండోది, కలర్ ప్రైమరీస్, కలర్ టీఆర్‌సీ (వెలుగు వంపు), కలర్‌స్పేస్ (మ్యాట్రిక్స్) అనే మూడు ట్యాగులనూ బీటీ709 అని రాయించడం. ఇది చీటీ మాత్రమే, లెక్కను ముట్టుకోదు. లెక్క 601లో చేసి చీటీ మీద 709 అని రాస్తే, బియ్యం బస్తాలో నూకలు పోసి పైన సన్నబియ్యం అని రాసినట్టే. వీటితోపాటు పిక్సెల్ ఫార్మాట్‌ను వైయూవీ420పీ (6వ మెట్టులో చెప్పే 4:2:0) అని చెప్పండి. చెప్పకపోతే పీఎన్‌జీల నుంచి 4:4:4 (ప్రతి పిక్సెల్‌కూ రంగు ఉండే) ఫైలు తయారవుతుంది. కంప్యూటర్లో చక్కగా ఆడుతుంది, చాలా ఫోన్లలో ఆడదు.

ఇక్కడే ఒక మోసం ఉంది, నా సాయంత్రం ఒకటి తినేసింది. తప్పు ఎంపీ4 నుంచి అదే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఒక ఫ్రేమ్ తీసి చూశాను. రంగు బ్రహ్మాండంగా ఉంది! ట్యాగ్ లేదు కాబట్టి అది దాచేటప్పుడు వాడిన 601తోనే తీసింది. రెండు తప్పులు కలిసి ఒప్పయ్యాయి. అందుకే వండిన గిన్నెలోనే రుచి చూడొద్దు. ఇంకో ఎడిటర్‌లో తెరిచి కొలవండి, ఇంకో ఫోన్లో చూడండి.

ఇక రేంజ్. వీడియోలో మామూలుగా నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. దీన్ని లిమిటెడ్ లేదా వీడియో రేంజ్ అంటారు. 0 నుంచి 255 దాకా వాడితే ఫుల్ రేంజ్. లిమిటెడ్ ఫైలును ఫుల్ అనుకుని చూపిస్తే నలుపు బూడిదగా, తెలుపు మాసినట్టు, మొత్తానికి మబ్బు పట్టినట్టు ఉంటుంది. తిరగబడితే నల్ల జడలో పాయలు కలిసిపోయి ఒకే ముద్ద అవుతుంది, పట్టీలో 0, 8, 16 గళ్లు ఒకటైపోతాయి. బయటికిచ్చే ఎంపీ4కు లిమిటెడ్ పెట్టండి. ఫుల్ పెడితే రంగులు ఎక్కువొస్తాయని కొందరు చెబుతారు. వినకండి, దారిలో ఎవరో ఒకరు దాన్ని తప్పుగా చదువుతారు. రిజాల్వ్‌లో ఇది డెలివర్ పేజీలో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద డేటా లెవెల్స్ పేరుతో ఉంటుంది, ఆటో గానీ వీడియో గానీ ఉంచండి. కలర్ స్పేస్ ట్యాగ్, గామా ట్యాగ్ కూడా అక్కడే కనిపిస్తాయి.

6. ఎర్ర గీతలు ఎందుకు అలుక్కుపోతాయి

ఎంపీ4లో మామూలుగా వాడేది 4:2:0. దీనిలో వెలుగు ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు మాత్రం నాలుగు పిక్సెళ్ల గడికి ఒక్కటే. అంటే 1920×1080 వీడియోలో రంగు పొర 960×540 మాత్రమే. కెమెరాతో తీసిన పెళ్లి వీడియోలో ఇది తెలియదు. యానిమేషన్‌లో, అందులోనూ నిండు ఎరుపు, నీలం పక్కపక్కన ఉన్నచోట తెలిసిపోతుంది. పైన చెప్పిన పాళ్లు మళ్లీ చూడండి. వెలుగులో ఎరుపు వాటా 0.2126, నీలానిది 0.0722. రెండూ వెలుగు పొరకు ఇచ్చేది తక్కువ, కాబట్టి వాటి మధ్య అంచు దాదాపు రంగు పొర మీదే ఆధారపడుతుంది. ఆ పొరే సగం సైజులో ఉంది. పరీక్ష పట్టీలో నీలం మీద 1 పిక్సెల్ ఎర్ర గీత ఊదా మరకలా ఎందుకు మారుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

విరుగుళ్లు మూడున్నాయి. రంగుకూ రంగుకూ మధ్య ముదురు గీత ఇవ్వండి. వెలుగు తేడా ఉంటే అంచు నిలుస్తుంది, నకాశీ బొమ్మలకు నల్ల అంచు గీసే అలవాటు ఇక్కడ మనకు కలిసొచ్చింది. అక్షరాల కింద కూడా ఇదే పాటించండి, ఎర్ర నేల మీద నీలం అక్షరాలు పెట్టే క్లయింట్‌కు దండం పెట్టి పసుపో తెలుపో ఒప్పించండి. రెండోది, సన్న గీతలు కనీసం 3 పిక్సెళ్లు. మూడోది నాకు బాగా నచ్చింది, 4కేలో రెండర్ చేసి 4కే ఎంపీ4 ఇవ్వడం. 3840×2160 వీడియోకు రంగు పొర 1920×1080 ఉంటుంది. దాన్ని హెచ్‌డీ తెర మీద చూస్తే పిక్సెల్‌కొక రంగు దక్కినట్టే.

7. ఆకాశంలో చారలు

భద్రకాళి చెరువు మీద సాయంత్రం ఆకాశం గీశారనుకోండి. పైనుంచి కిందికి రంగు విలువ 30 నుంచి 60 దాకానే మారుతుంది. 8 బిట్‌లో (విలువలు 0 నుంచి 255 దాకానే) అంటే 30 మెట్లే. 1080 పిక్సెళ్ల ఎత్తును 30తో భాగిస్తే ఒక్కో మెట్టు 36 పిక్సెళ్ల వెడల్పు పట్టీ. కంటికి చారలుగా కనబడక ఏం చేస్తుంది?

10 బిట్‌లో అవే మెట్లు నాలుగింతలవుతాయి కానీ అవతల చూసేది ఎక్కువగా 8 బిట్ ఫైలే. పనికొచ్చే మందు కాస్త గరుకు. 16 బిట్‌లో పనిచేసి, 8 బిట్‌కు దించేటప్పుడు డిథర్ (మెట్లు కనబడకుండా చల్లే సన్న చుక్కలు) వేయండి. బ్లెండర్‌లో అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో పోస్ట్ ప్రాసెసింగ్ కింద డిథర్ ఉంటుంది, దాన్ని సున్నా చేయకండి. అది చాలకపోతే ఆకాశం పొర మీద మాత్రం సన్నటి నాయిస్ కలపండి, కనిపించీ కనిపించనంత. బొమ్మల మీద వద్దు.

8. కుదింపు

ఎక్స్264 (హెచ్.264 ఎంపీ4 తయారుచేసే ఎన్‌కోడర్)లో సీఆర్ఎఫ్ అనే నాణ్యత అంకె డిఫాల్ట్ 23. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది. యానిమేషన్‌కు నేను 16 నుంచి 18 మధ్య పెడతాను. ఫ్లాట్ రంగులైతే ట్యూన్ యానిమేషన్ అనే సెట్టింగ్ పెట్టడం, నాయిస్ కలిపిన ఆకాశం ఉంటే అది తీసేసి సీఆర్ఎఫ్ ఇంకొంచెం దించడం. చీకటి దృశ్యాల్లో ఏక్యూ మోడ్ 3 (చీకటి భాగాలకు ఎక్కువ డేటా ఇచ్చే సెట్టింగ్) సాయపడుతుంది. దీని గురించి ఇంతకన్నా తలబద్దలు కొట్టుకోనవసరం లేదు.

9. పంపే ముందు

మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎంపీ4ను అందులో పడేస్తే కలర్ రేంజ్ లిమిటెడ్, కలర్ ప్రైమరీస్, ట్రాన్స్‌ఫర్, మ్యాట్రిక్స్ మూడూ బీటీ.709 అని చూపించాలి. ఏదైనా లైను అసలు లేకపోతే ట్యాగ్ పడలేదని అర్థం, 5వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

మ్యాక్‌లో క్విక్‌టైమ్‌లో మాత్రమే వీడియో కొంచెం వెలిసినట్టు ఉండి, ఫోన్లో, విండోస్‌లో బాగుంటే ఫైలును ముట్టుకోకండి. 709 ట్యాగ్ ఉన్న వీడియో గామాను (వెలుగు పెరిగే వంపును) మ్యాక్ తన లెక్కలో చదువుతుంది, ఎడిటర్ వేరేగా చూపిస్తుంది. క్లయింట్లందరూ యాపిల్ వాళ్లే అయితే రిజాల్వ్‌లో రెక్.709-ఏ అనే గామా ట్యాగ్ ప్రయత్నించవచ్చు. మన దగ్గర ఎక్కువమంది ఆండ్రాయిడ్ ఫోన్లలోనే చూస్తారు కాబట్టి నేను దాని జోలికి పోను. ఆ ఫోన్లలోనూ డిస్‌ప్లే సెట్టింగ్ వివిడ్‌లో ఉంటే అన్ని వీడియోలూ భగ్గుమంటాయి. షాపు ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ముందు నాచురల్‌కు మార్పించి, అప్పుడు చూడమంటాను.

10. ఎవరికి ఏ ఫైలు

వాట్సాప్‌లో వీడియోగా పంపితే మళ్లీ కుదిస్తుంది. ఆమోదం కోసం పంపేది ఎప్పుడూ డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా పోతుంది. గ్రూపుల్లో తిరగడానికి వేరే చిన్న ఫైలు మీరే చేసివ్వండి.

యూట్యూబ్ ఏ ఫైలునైనా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. సెకనుకు 24 నుంచి 30 ఫ్రేములుండే మామూలు 1080పీకి 8 ఎంబీపీఎస్, 4కేకి 35 నుంచి 45 అని వాళ్ల సిఫారసు. ఎర్ర నేలలున్న పని అయితే 4కేలోనే ఎక్కించండి, తేడా మీకే కనిపిస్తుంది.

జిఫ్ అడిగితే ఒక ఫ్రేములో 256 రంగులకు మించి పట్టవని ముందే చెప్పండి. లోగోకు సరిపోతుంది, ఆకాశానికి సరిపోదు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది పండగ మైదానంలో ఎల్‌ఈడీ తెర. అక్కడ మన ఫైలు ఎవరి ల్యాప్‌టాప్‌లోనో, ఏ ప్లేయర్‌లోనో ఆడుతుంది. మధ్యలో హెచ్‌డీఎంఐ కేబుల్, ప్రాసెసర్ పెట్టె ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి ఫుల్, లిమిటెడ్ తారుమారు చేసినా మన పనంతా మబ్బే. పెన్‌డ్రైవ్‌లో వీడియోతో పాటు పరీక్ష పట్టీని కూడా అయిదు నిమిషాల వీడియోగా వేసుకుని, చీకటి పడగానే, జనం రాకముందే పోండి. ఆపరేటర్‌తో ముందు పట్టీ ఆడించండి. నలుపు గళ్లలో 0కీ, 24కీ తేడా కనబడాలి, 0 గడి మాత్రం నల్లగానే ఉండాలి. అది బూడిదగా వెలుగుతుంటే ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ రేంజ్ మార్పించండి. తర్వాత తెర బ్రైట్‌నెస్ తగ్గించమనండి. మధ్యాహ్నం ఎండకు పెట్టింది రాత్రికీ అట్లాగే వదిలేస్తారు, ఎరుపు కళ్లలో గుచ్చుకుంటుంది. "అన్నా, ఇంకొంచెం దించు" అని రెండుసార్లయినా అనాల్సి వస్తుంది. పట్టీలో 235, 245, 255 గళ్లు విడివిడిగా కనిపించాక అసలు వీడియో పెట్టమనండి.